జబ్బున్న ఒంటికి కావాల్సింది అడుగుల హద్దు

అలిపిరి మెట్ల దారిలో ఫిట్‌నెస్ బ్యాండ్ కట్టుకుని ఎక్కేవాళ్లలో బీపీ, షుగర్, కీళ్లవాతం ఉన్నవాళ్లూ ఉంటారు. బ్యాండ్ మాత్రం అందరినీ ఒకే లెక్క అడుగుతుంది: రోజుకు పదివేల అడుగులు. ఆ అంకె వైద్యులు తేల్చింది కాదు. టోక్యో ఒలింపిక్స్ మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో అడుగులు లెక్కించే ఒక పెడోమీటర్ అమ్మకం కోసం పెట్టుకున్నది. నడక షుగర్‌కు మేలే, కాదనం. కానీ దీర్ఘవ్యాధి ఉన్నవాళ్లకు వాచీ ఉపయోగపడాల్సింది ఎక్కడ ఆగాలో చెప్పడానికి.

ముందు రెండు వారాలు లక్ష్యాన్నీ, ‘లేచి నడవండి’ అనే బజర్‌నూ ఆపేసి మామూలుగా తిరగండి. నీరసం లేకుండా గడిచిన రోజుల అడుగుల సగటు తీసి, అందులో ఐదో వంతు తగ్గించండి. సగటు 4,000 అయితే హద్దు 3,200. కొన్ని జబ్బుల్లో, ముఖ్యంగా కోవిడ్ తగ్గాక కూడా నెలల తరబడి వదలని లాంగ్ కోవిడ్‌లో, అతిగా తిరిగిన ఫలితం ఒకటి రెండు రోజులు ఆలస్యంగా బయటపడుతుంది. అందుకే ఒళ్లు తేలిగ్గా ఉన్న రోజున కూడా హద్దు దాటొద్దు.

గుండె వేగం దగ్గర పొరపాటు ఇంకా పెద్దది. 220లోంచి వయసు తీసేసి గరిష్ఠ గుండె వేగం లెక్కగట్టి, చాలా వాచీలు వ్యాయామ తీవ్రతను జోన్లుగా విడదీస్తాయి. కానీ బీపీకి, గుండెజబ్బుకు వాడే మెటోప్రొలాల్, అటెనొలాల్ మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు. మనిషి రొప్పుతున్నా తెరపై ‘తేలిక వ్యాయామం’ అనే పడుతుంది. ఆగకుండా రెండు వాక్యాలు మాట్లాడలేకపోతే, వాచీ ఏం చూపినా కూర్చోవాల్సిందే.

అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. కమ్మీ పట్టుకుని ఎక్కితే చెయ్యి ఊగదు కాబట్టి బ్యాండ్ తక్కువ లెక్కిస్తుంది. పైగా నిట్టనిలువు మెట్టుకీ చదును నేల మీది అడుగుకీ ఆ లెక్కలో తేడా ఉండదు. గుండెజబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు కాలినడకన రావద్దని టీటీడీ కూడా సూచిస్తోంది.

బ్యాండ్‌లో నిజంగా పనికొచ్చేది నిద్ర లేచాక, కాఫీకి ముందు చూసే గుండె వేగం. అది మీ మామూలు అంకె కంటే పది లేదా అంతకు మించి ఎక్కువగా రెండు రోజులు వరుసగా ఉంటే నడక సగానికి తగ్గించి, జ్వరం చూసుకోండి.

బ్యాండ్‌కు తెలియనివీ ఉన్నాయి. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్ల బరువు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని అర్థం, వెంటనే డాక్టరుకు చెప్పాలి. షుగర్ వల్ల తిమ్మిరెక్కిన పాదానికి చెప్పు కొరికినా నొప్పి తెలియదు, రాత్రి అరికాళ్లు చూసుకోవాలి. సూది లేకుండా షుగర్ చూపిస్తామనే వాచీలు, ఉంగరాలు నమ్మొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఇక డయాలసిస్ చేయించుకునేవాళ్లు ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ధమనినీ సిరనూ కలిపి చేసిన దారి) ఉన్న చేతికి బ్యాండ్ కట్టనే కూడదు. పట్టీ ఒత్తిడికి రక్తం గడ్డకట్టి ఫిస్టులా మూసుకుపోవచ్చు. రెండో చేతికి, మణికట్టు ఎముకకు కాస్త పైన కట్టుకోవాలి.