కమిటీ అంటే సమోసాలు, టీఏ డీఏలేనా? ఆ పోస్టుకు జవాబు

పార్లమెంటు సమావేశాలు మొదలైనప్పుడల్లా వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు తిరుగుతుంది. ఎంపీ పేరు మారుతుంది, పార్టీ మారుతుంది, సారాంశం మాత్రం అదే: ‘మన ఎంపీ సభలో నోరు విప్పడు. అడిగితే కమిటీలో పని చేస్తున్నానంటాడు. కమిటీ అంటే తలుపులు మూసుకుని సమోసాలు తినడం, టీఏ డీఏలు రాసుకోవడం. వాళ్ల సిఫార్సులు చెత్తబుట్టలోకే. పీఏసీ (ప్రజా పద్దుల సంఘం) ఇన్నేళ్లలో ఒక్కణ్నీ జైలుకు పంపలేదు. ఆరోగ్య కమిటీ వల్ల ఒక్క రోగికీ మేలు జరగలేదు.’

ఇందులో కొంత నిజం ఉంది. కానీ పోస్టు రాసినవాళ్లు వేలు పెట్టిన చోట కాదు.

‘సభలో మాట్లాడకపోతే పని చేయనట్టే’

2023-24 కేంద్ర బడ్జెట్ 45 లక్షల కోట్ల రూపాయలు. ఆ ఏడాది మార్చిలో లోక్‌సభ ఒక్క శాఖ పద్దు (ఆ శాఖ ఖర్చుకు అడిగే సొమ్ము) మీద కూడా చర్చించలేదు. అన్నిటినీ కలిపి గిలెటిన్ చేసి ఆమోదించింది. 2018-19లోనూ అంతే. గిలెటిన్ అంటే గడువు ముగిసిందని మిగిలిన పద్దులన్నిటినీ ఒకేసారి ఓటుకు పెట్టేయడం. అలాంటి ఏడాదిలో సభలో ఎవరెంత సేపు మాట్లాడారో లెక్కపెట్టి ప్రజాధనం మీద నిఘాను కొలవలేం.

ఆ పద్దుల్ని నిజంగా చదివేది శాఖలవారీ స్థాయీ సంఘాలు (స్టాండింగ్ కమిటీలు). 1993లో 17 సంఘాలతో మొదలై 2004లో 24 అయ్యాయి. ఒక్కోదానిలో 31 మంది: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. బడ్జెట్ పెట్టాక సభలకు ఇచ్చే విరామంలోనే ఇవి పద్దుల మీద కూర్చుంటాయి.

ఆరోగ్య శాఖకు రెండు పద్దులు. ఒకటి ఆరోగ్య, కుటుంబ సంక్షేమ విభాగానిది, రెండోది ఆరోగ్య పరిశోధన విభాగానిది. 2025-26లో రెండూ కలిపి లక్ష కోట్లకు కాస్త తక్కువ. కమిటీ ముందు ప్రతి పథకానికీ మూడు అంకెలు ఉంటాయి: బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, అసలు ఖర్చు. సవరించిన అంచనా మొదటిదానికంటే తగ్గిందంటే డబ్బు ఎక్కడో ఆగిందన్నమాట. కార్యదర్శిని అడిగితే తరచూ వచ్చే జవాబు, ‘రాష్ట్రాల నుంచి యూసీలు రాలేదు’ అని. యూసీ అంటే ఇచ్చిన సొమ్మును దేనికి వాడారో చెప్పే వినియోగ ధ్రువపత్రం. ఆర్థిక సంవత్సరం ముగిశాక పన్నెండు నెలల్లో అది అందాలి.

సభ్యుడి పనితనం ఇక్కడే తేలుతుంది. ‘డబ్బు ఎందుకు ఖర్చు కాలేదు?’ అని అడిగితే ‘తగు చర్యలు తీసుకుంటున్నాం’ అన్న జవాబుతో సరిపోతుంది. విషయం తెలిసినవాడు డబ్బు నడిచే గొలుసును లంకె లంకెగా విప్పి అడుగుతాడు. జాతీయ ఆరోగ్య మిషన్‌లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు కేంద్రం, రాష్ట్రం వాటాలు 60:40. కేంద్రం వాటా ముందు రాష్ట్ర ఖజానాకు వస్తుంది. దానికి రాష్ట్రం తన వాటా కలిపి, అక్కడి నుంచి ఆ మిషన్ డబ్బు ఖర్చు పెట్టే రాష్ట్ర ఆరోగ్య సొసైటీ ఖాతాకు పంపాలి. కేంద్రం ఏ తేదీన ఇచ్చింది? ఖజానా దాటడానికి ఎన్ని రోజులు పట్టింది? రాష్ట్రం వాటా ఎప్పుడు కలిసింది? ఈ మూడు తేదీలనూ రాష్ట్రాలవారీగా పట్టిక వేసి ఇవ్వమంటే కార్యదర్శి నీళ్లు నమలడానికి వీలుండదు. ఆ పట్టిక నివేదికలోకి ఎక్కాక ‘తప్పు మాది కాదు, రాష్ట్రానిది’ అన్న మాట నిజమో కాదో ఎవరైనా చూసుకోవచ్చు.

‘తలుపులు మూసుకుని ఏం చేస్తారో ఎవరికి తెలుసు’

కమిటీ సమావేశాలు ఆంతరంగికంగానే జరగాలన్నది నియమం. కెమెరా లేదు కాబట్టి సభ్యులకు ఉపన్యాసం దంచాల్సిన పని లేదు. పార్టీ విప్ కూడా ఇక్కడ ఉండదు. అయితే నివేదిక సభ ముందుకు వచ్చాక అందులోనే ఆ సమావేశాల మినిట్స్ ఉంటాయి: ఎవరు వచ్చారు, ఏ అధికారిని పిలిచారు, ఏ అంశం మీద. అంటే సమాచారం ఆలస్యంగా వస్తుందే తప్ప దాచిపెట్టేది కాదు.

విప్ లేనంత మాత్రాన పార్టీ రాజకీయం గుమ్మం బయటే ఆగిపోతుందని అనుకోవద్దు. 2011 ఏప్రిల్‌లో 2జీ స్పెక్ట్రం మీద అప్పటి పీఏసీ ఛైర్మన్ మురళీ మనోహర్ జోషి సిద్ధం చేసిన ముసాయిదాను కమిటీలోనే ఎక్కువమంది తిరస్కరించారు. ఆయన దాన్ని స్పీకర్‌కు పంపితే ఆమె తిప్పి పంపారు.

‘టీఏ డీఏల కోసమే’

ఎంపీ దినభత్యం ఇప్పుడు రోజుకు 2,500 రూపాయలు. కమిటీ రోజులకైనా సభ రోజులకైనా ఒకటే. దీనికోసం ఎవరో ఢిల్లీ విమానం ఎక్కుతున్నారని వాదించడం వృథా. అసలు ఆరోపణ తిరగేసి చేయాల్సింది: చాలామంది కమిటీకి రావడం లేదు. 17వ లోక్‌సభ కాలంలో స్థాయీ సంఘాల సగటు హాజరు సగానికి అటూ ఇటూనే ఉంది. మూడో వంతు వస్తే కోరం పూర్తవుతుంది కాబట్టి పని నడిచిపోతుంది. అనుమతి లేకుండా వరసగా రెండు సమావేశాలకు రాకపోతే ఆ సభ్యుణ్ని తొలగించమని సభలో తీర్మానం పెట్టవచ్చని నియమం ఉంది. ఉండి ఏం లాభం, పెట్టేవాళ్లు లేరు.

‘పీఏసీ ఒక్కణ్నీ జైలుకు పంపలేదు’

నిజమే, పంపలేదు, పంపజాలదు కూడా. అది కోర్టు కాదు, ఠాణా కాదు. 1921 నుంచి ఉన్న ప్రజా పద్దుల సంఘం పని, పార్లమెంటు దేనికి డబ్బిచ్చిందో దానికే, ఇచ్చినంతే ఖర్చయిందా అని చూడటం. ఇందులో 22 మంది: లోక్‌సభ నుంచి 15, రాజ్యసభ నుంచి 7. వీళ్లను నామినేట్ చేయరు, ఏటా సభలు ఎన్నుకుంటాయి. మంత్రులకు చోటు లేదు. ఛైర్మన్ పదవి విపక్షానికివ్వడం 1967 నుంచి వస్తున్న ఆనవాయితీ. రాతపూర్వక నియమం కాదు గనుకే రాష్ట్ర శాసనసభల్లో ఆ కుర్చీ మీద ఇన్ని గొడవలు.

పని సాగే వరస ఇది. రాజ్యాంగం 151వ అధికరణం కింద, ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ నివేదికలు సభ ముందుకు వస్తాయి. వాటిలోంచి ఏడాదికి కొన్ని అంశాలనే కమిటీ ఎంచుకుంటుంది. ఆడిట్ అధికారులు ముందు సభ్యులకు విషయం వివరిస్తారు. తర్వాత శాఖకు రాతపూర్వక ప్రశ్నావళి వెళుతుంది. ఆ జవాబులు చదివాకే కార్యదర్శిని మౌఖిక సాక్ష్యానికి పిలుస్తారు. మంత్రిని పిలవరు. దీన్ని మంత్రికిచ్చిన మినహాయింపు అనుకుంటారు చాలామంది. అసలు సంగతి వేరు: సాధారణ ఆర్థిక నియమావళి ప్రకారం శాఖ ఖర్చుకు ప్రధాన జవాబుదారు కార్యదర్శే. పీఏసీ ముందు హాజరు కావడం ఆయన విధుల్లో రాసి ఉన్న పని. సాక్ష్యం సాగుతున్నంత సేపూ కాగ్ అధికారులు పక్కనే కూర్చుంటారు. చెప్పిన అంకె కాగ్ నివేదికలోని ఆడిట్ పేరాతో సరిపోకపోతే అక్కడికక్కడే దొరికిపోతుంది.

కమిటీ ఎంచుకోని పేరాలు గాలికి పోతాయనుకోవద్దు. నివేదిక సభకు వచ్చిన నాలుగు నెలల్లో శాఖ వాటన్నిటి మీదా తీసుకున్న చర్యల నోట్‌ను ఆడిట్ పరిశీలనతో సహా ఇవ్వాలి. ఇంకొకటి: ఒక పద్దులో మంజూరును మించి ఖర్చు చేస్తే దాన్ని 115వ అధికరణం కింద పార్లమెంటు క్రమబద్ధం చేయాలి. అంతకుముందు అది పీఏసీ పరిశీలన దాటి రావాలి. 100 కోట్లు, ఆ పైన మిగులు చూపినా కమిటీకి సంజాయిషీ రాయాల్సిందే. ఆరోగ్య రంగంలో తినేసిన డబ్బు కంటే ఖర్చు పెట్టకుండా మురగబెట్టిన డబ్బే ఎక్కువసార్లు అసలు జబ్బు. పోస్టులు రాసేవాళ్ల కంట్లో అది పడదు, కుంభకోణంలా కనిపించదు మరి.

‘సిఫార్సులు చెత్తబుట్టలోకే’

సిఫార్సులు ప్రభుత్వం మీద బంధనం కావు. కానీ జవాబు చెప్పకుండా ఉండటానికి వీల్లేదు. స్థాయీ సంఘం నివేదికకు మూడు నెలల్లో, పీఏసీ నివేదికకు ఆరు నెలల్లో ప్రభుత్వం ఒక్కో సిఫార్సుకూ విడిగా జవాబివ్వాలి. ఆ జవాబుల మీద కమిటీ మళ్లీ ఒక నివేదిక వేస్తుంది, అదే చర్యల నివేదిక. అందులో రెండో అధ్యాయం ప్రభుత్వం ఒప్పుకున్నవి. మూడోది జవాబు చూశాక కమిటీ వదిలేసినవి. నాలుగోది ప్రభుత్వ జవాబును కమిటీ ఒప్పుకోనివి. అయిదోది తుది జవాబు ఇంకా రానివి. ఈ నాలుగో అధ్యాయం చదవడం నేర్చుకుంటే చాలు, శాఖ ఎక్కడ మొండికేసిందో తెలిసిపోతుంది. మోసం జరిగేది రెండో అధ్యాయంలో. ‘సిఫార్సును గమనించాం’ అని రాసినదాన్ని కూడా ఒప్పుకున్నవాటి లెక్కలో కలిపేస్తుంటారు. అందుకే ‘ఇంత శాతం సిఫార్సులు ఆమోదం పొందాయి’ అనే అంకెను మేం పెద్దగా లెక్కచేయం.

‘ఒక్క రోగికీ మేలు జరగలేదు’

పోస్టులో పూర్తిగా అబద్ధమైన మాట ఇదే.

2012 మేలో ఆరోగ్య స్థాయీ సంఘం తన 59వ నివేదికలో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ పనితీరును ఎండగట్టింది. 2008 జనవరి నుంచి 2010 అక్టోబర్ వరకు 33 మందులకు మన రోగుల మీద పరీక్షలు లేకుండానే అనుమతి ఇచ్చారని తేల్చింది. రెండు మూడు మందులు కలిపి ఒకే బిళ్లగా చేసే మిశ్రమాలకు కేంద్ర అనుమతి లేకుండానే రాష్ట్రాల్లో లైసెన్సులు ఇచ్చేస్తున్నారని కూడా చెప్పింది. ఆ తర్వాతే నిపుణుల కమిటీ పడి ఆ మిశ్రమాలను వడపోసింది. 2016 మార్చిలో కేంద్రం 344 మిశ్రమాలను నిషేధించింది. కంపెనీలు కోర్టుకెళ్లాయి, ఢిల్లీ హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది, సుప్రీంకోర్టు మళ్లీ పరిశీలించమంది. చివరికి 2018 సెప్టెంబర్‌లో 328 మిశ్రమాల మీద నిషేధం వచ్చింది. ఆరేళ్లు పట్టింది. ఆలస్యమైందని తిట్టండి, న్యాయమే. మేలు జరగలేదనడం మాత్రం అబద్ధం.

రెండోది మన గడ్డ మీద జరిగింది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేసి అమెరికాకు చెందిన పాథ్ అనే సంస్థ అధ్యయనం నడిపింది. ఖమ్మంలో చాలామంది గిరిజన వసతి గృహాల పిల్లలు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. 2013 ఆగస్టులో కమిటీ 72వ నివేదిక బయటపెట్టిన లెక్క: ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలే ఉన్నాయి, 2,763 మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు. టీకా వల్లే మరణాలు సంభవించాయన్న ప్రచారం వేరు, విచారణలో అది రుజువు కాలేదు. తల్లిదండ్రుల అంగీకారాన్ని ఎలా మాయచేశారన్నదే కమిటీ పట్టుకున్న అంశం. ఆ నివేదికను కోర్టు చూడవచ్చా అన్న ప్రశ్న రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్లింది. కల్పనా మెహతా కేసులో 2018 మే 9న సుప్రీంకోర్టు, పార్లమెంటరీ కమిటీ నివేదికలను కోర్టులు ఆసరాగా తీసుకోవచ్చని, వాటి చెల్లుబాటును మాత్రం ప్రశ్నించకూడదని చెప్పింది. చెత్తబుట్టలోకి పోయే కాగితం మీద అయిదుగురు న్యాయమూర్తులు కూర్చోరు.

మూడోది వైద్య విద్య. భారత వైద్య మండలి వైఫల్యాలపై 2016 మార్చిలో వచ్చిన ఇదే కమిటీ 92వ నివేదికను సుప్రీంకోర్టు రెండు నెలలు తిరక్కుండానే తన తీర్పులో ఉటంకించి, జస్టిస్ లోధా నేతృత్వంలో పర్యవేక్షణ కమిటీ వేసింది. తర్వాత జాతీయ వైద్య కమిషన్ బిల్లు వచ్చినప్పుడు, ఆయుష్ వైద్యులు అల్లోపతి మందులు రాసేందుకు ఉద్దేశించిన బ్రిడ్జ్ కోర్సు తప్పనిసరి కాకూడదని కమిటీ 2018 మార్చిలో చెప్పింది. అదే నెలాఖరుకు కేబినెట్ ఆ నిబంధననే తీసేసింది.

తిట్టాలంటే తిట్టాల్సిన చోట

15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు కమిటీలకు వెళ్లాయి. 17వ లోక్‌సభలో 16 శాతం. కమిటీల పదవీకాలం ఒక్క ఏడాదే. ఒక సభ్యుడికి యూసీ అంటే ఏమిటో, సొసైటీ ఖాతా ఏమిటో అర్థమయ్యేసరికి గడువు ముగుస్తుంది. 2024లో జూన్‌లో ఫలితాలు వస్తే స్థాయీ సంఘాలు ఏర్పడింది సెప్టెంబర్ 26న. ఈలోగా జులైలో వచ్చిన పూర్తి బడ్జెట్ పద్దులు కమిటీ చూడకుండానే ఆమోదం పొందాయి. ప్రైవేటు వైద్య కళాశాలలున్న ఎంపీ ఆరోగ్య కమిటీలో కూర్చోవడం మీద అభ్యంతరం చెప్పడానికి నియమాలున్నా, వాటిని వాడినవాళ్లు అరుదు.

మీ ఎంపీ నిజంగా పని చేస్తున్నారో లేదో చూడాలంటే పార్లమెంటు వెబ్‌సైట్‌లో కమిటీ పేజీ తెరవండి. ఆరోగ్య కమిటీని నడిపేది రాజ్యసభ సచివాలయం, లోక్‌సభ విభాగంలో వెతికితే దొరకదు. పద్దుల మీద వచ్చిన తాజా నివేదిక తీసుకుని, మినిట్స్‌లో ఎన్ని సమావేశాలకు ఆయన పేరుందో లెక్కపెట్టండి. తర్వాత చర్యల నివేదిక తీసి నాలుగో అధ్యాయం చదవండి. అక్కడున్న అంశాల్లో ఒకటి పట్టుకుని, ఈసారి ఊరికి వచ్చినప్పుడు దాని సంగతేమైందో ఆయన్నే అడగండి.