గువ్వలచెరువు ఘాట్‌లో తడిగుడ్డకు జరుగుతున్న అన్యాయం

మే నెల మిట్టమధ్యాహ్నం కడప నుంచి రాయచోటికి పోయే పాత అంబాసిడర్ గువ్వలచెరువు ఘాట్‌లో నాలుగు మలుపులెక్కి నిలబడిపోవడం మన సంప్రదాయం. ఇంజన్‌కు అతుక్కున్న పంపులో పెట్రోలు ఆవిరై బుడగలు కడుతుంది. పంపు ఆ బుడగల్నే నములుతూ కూర్చుంటుంది. అప్పుడు బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ కప్పి, వెంట వచ్చినోళ్లలో ఒకణ్ని లారీ ఎక్కించి పైఊరికి పాలకోవాకు పంపాలి. వాడు తిరిగొచ్చేలోపు పంపు చల్లబడుతుంది.

ఇంత చక్కని ఏర్పాటుకు కొందరు గండి కొడుతున్నారు. పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్ పీకేసి, కంప్యూటర్ లెక్క ప్రకారం పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ పెట్టిస్తున్నారు. కరెంటు పంపు ట్యాంకు దగ్గరే ఉండి 3 బార్ల ఒత్తిడితో నెడుతుందట, ఒత్తిడిలో ఉన్న పెట్రోలు అంత తేలిగ్గా మరగదట. కోవా గతేంగాను? చలికి ఎంత పెట్రోలు ఎక్కువ పోయాలో సెన్సరే చూసుకుంటే, కూరగాయల సంచి తగిలించుకునే చోక్ నాబ్ గతేం గాను?

అయినా దిగులొద్దు. ఇంజెక్షన్‌ను నడిపే కంప్యూటర్‌కు, అదే ఈసీయూకు, వేలు పోసి పైపు దగ్గర బేరమాడే మహానుభావులు ఇంకా ఉన్నారు. పాత పైపు మోసింది పావు బారు. దానికే 3 బార్లు తగిలిస్తే క్లిప్పు జారి, పెట్రోలు సన్నటి తుంపరగా వేడి సైలెన్సర్ గొట్టం మీద పడుతుంది. అప్పుడు పిలవాల్సింది కోవా అంగడిని కాదు, ఫైరింజన్‌ను. ఇంజెక్షన్‌కని చేసిన హైప్రెషర్ పైపు, దాని క్లిప్పులు వేస్తే ఈ వైభోగం ఉండదు.

పంపును నేరుగా తాళానికి కలిపేవాళ్లది ఇంకో మెట్టు పైన. ఈసీయూ అయితే తాళం తిప్పగానే రెండు మూడు క్షణాలు పంపు నడిపి, ఇంజన్ తిరగకపోతే ఆపేస్తుంది. నేరుగా కలిపితే బండి బోల్తా పడినా పంపు తన కర్తవ్యం వదలదు.

ట్యాంకులో ముప్పై ఏళ్ల తుప్పుంటుంది. కార్బొరేటర్ దాన్ని గిన్నె అడుగున దాచుకుని కొన్నాళ్లు సహించేది. ఇంజెక్టర్ రంధ్రానికి అంత ఓపిక లేదు. ముందు ట్యాంకు కడిగించి, మిగిలిన పెట్రోలు ట్యాంకుకు తిరిగెళ్లే రిటర్న్ లైను వేసి, పంపుకు ముందొక ఫిల్టరు, వెనకొక ఫిల్టరు పెట్టడం పిరికివాళ్ల పని. పాత పంపు తీసిన రంధ్రానికి ప్లేటు బిగించడం మరీ చాదస్తం, బయటికొచ్చేది ఇంజనాయిలే కదా.

ఎర్తు వైరును పెయింటు మీదే బిగిస్తే సెల్ఫ్ కొట్టినప్పుడల్లా ఈసీయూ కళ్లు తేలేస్తుంది. నెల రోజులు సెన్సర్లు మార్చుకోవచ్చు. పొగలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్ జాయింటు లీకైతే ఇంకా పండగే: బయటి గాలి పీల్చి ‘పెట్రోలు చాల్లేదు’ అంటుంది సెన్సర్, నిజమనుకుని పోస్తూనే ఉంటుంది ఈసీయూ, వెనకొచ్చే బైకువాడి ముఖం నల్లబడుతుంది.

అసలైన సంప్రదాయ రక్షకుడు మాత్రం ఈసీయూను డ్యాష్‌బోర్డు కింద కాకుండా, బానెట్ లోపల ఎగ్జాస్ట్ పక్కనే బిగించినవాడు. నాలుగో మలుపులో మళ్లీ బండి ఆగుతుంది.

“ఏందన్నా, ఇంజెక్షన్ పెట్టించినావంటనే, మళ్లా గుడ్డెందుకు?”

“కంప్యూటర్ కాలిపోతాండాదిలేప్పా. నువ్వు కోవా తీస్కరాపో.”