సీటు వచ్చాక పేరు చూస్తారా?

ఒక మెడికల్ కాలేజీ పర్మిషన్ పోయిందని మిఠాయిలు పంచుకున్నారు, డోళ్లు కొట్టారు. డాక్టరు కోసం జనం జిల్లాలు దాటి పోయే దేశంలో ఇది పండగట. జమ్మూ దగ్గర కట్రాలో వైష్ణోదేవి గుడి బోర్డు పెట్టిన శ్రీ మాతా వైష్ణోదేవి మెడికల్ కాలేజీ సంగతి ఇది, పొడుగ్గా చెప్పం. 2025 సెప్టెంబర్‌లో 50 ఎంబీబీఎస్ సీట్లకి నేషనల్ మెడికల్ కమిషన్ ఓకే అంది, నీట్ ర్యాంకుల ప్రకారం మొదటి లిస్టు వచ్చింది, అందులో 42 మంది ముస్లిం పిల్లలు. అంతే, గొడవ మొదలైంది. అమ్మవారి మీద నమ్మకం ఉన్నవాళ్లకే సీట్లివ్వాలని బీజేపీ ఎమ్మెల్యేలు వెళ్లి లెఫ్టినెంట్ గవర్నర్‌కి మెమోరాండం ఇచ్చొచ్చారు, రోడ్ల మీద ధర్నాలు నడిచాయి. 2026 జనవరి 2న ఉన్నట్టుండి ఇన్స్‌పెక్షన్, 6న పర్మిషన్ వాపస్. సెప్టెంబర్ నుంచి లెక్కేస్తే నాలుగు నెలలు.

అవతలి వాళ్ల మాట కూడా ఒకసారి చెప్పుకుందాం. భక్తులు హుండీలో వేసిన డబ్బుతో కట్టిన కాలేజీ అంటున్నారు, వాళ్ల సెంటిమెంటు మాకు అర్థం కాకపోలేదు. కమిషన్ ఏమో మతం ఊసే ఎత్తలేదు, టీచింగ్ ఫ్యాకల్టీ 39 శాతం తక్కువ, ట్యూటర్లు, సీనియర్ రెసిడెంట్లు 65 శాతం తక్కువ, ఓపీకి వచ్చే పేషెంట్లు ఉండాల్సినదాంట్లో సగం కూడా లేరు అని కాగితం మీద రాసింది. పిల్లలకి నష్టం జరగకుండా అక్కడి వేరే కాలేజీల్లో అదనపు సీట్లలో సర్దమని కూడా చెప్పింది. సరే.

సరే గానీ, సెప్టెంబర్‌లో పర్మిషన్ ఇచ్చిన రోజు ఆ ఫ్యాకల్టీ ఉన్నారా? ఉంటే నాలుగు నెలల్లో ఎటు పోయారు? లేకపోతే ఏం చూసి సంతకం పెట్టారు? ఈ మూడు ప్రశ్నలకి జవాబు లేకుండా లోపాలు, లోపాలు అని ఎంత చెప్పినా ఎవరు నమ్ముతారు.

మన ఇంటి సంగతే చూడండి. 2025 జూన్‌లో తెలంగాణలో 34 సర్కారు మెడికల్ కాలేజీలుంటే 26 కాలేజీలకి ఇదే కమిషన్ షోకాజ్ నోటీసులిచ్చింది. కారణాలు కూడా ఇవే, ప్రొఫెసర్లు లేరు, రెసిడెంట్లు లేరు. అప్పుడేమైంది? హైదరాబాద్ నుంచి ఆఫీసర్లు ఢిల్లీ పోయి సంజాయిషీ ఇచ్చుకున్నారు, సర్కారు నింపుతామని మాటిచ్చింది, కమిషన్ టైమిచ్చి ఆ ఏడాదికి పర్మిషన్లు రెన్యూ చేసింది. మేం ఆ టైమివ్వడాన్ని తప్పు పట్టట్లేదు, మంచి పనే, వేల మంది పిల్లల చదువు నిలబడింది. మరి 26 కాలేజీలకి దొరికిన టైము కట్రాలో ఒక్క కాలేజీకి ఎందుకు దొరకలేదు? మన కాలేజీల ముందు ధర్నాలు లేవు, లిస్టులో పేర్లు చదివి లెక్కపెట్టినోళ్లు లేరు, పైకి కనిపిస్తున్న తేడా అదొక్కటే. ఇంకేదైనా తేడా ఉంటే కమిషనే చెప్పాలి.

మా భయం ఆ 50 మంది గురించి మాత్రమే కాదు. వాళ్లకి వేరే చోట సీట్లు దొరుకుతాయి, చదువుకుంటారు, డాక్టర్లు అవుతారు. భయమంతా దీనివల్ల పడుతున్న అలవాటు గురించి. ఆట అయిపోయాక గెలిచినోడి మొహం చూసి రూలు మార్చడం ఒకసారి మొదలైతే అది కట్రాలో ఆగుతుందా? లిస్టు నచ్చకపోతే నాలుగు రోజులు రోడ్డెక్కితే చాలు, కాలేజీయే పోతుంది అని ఇవాళ దేశంలో ఉన్న ప్రతి ఒత్తిడి గుంపుకీ తెలిసిపోయింది. రేపు ఇంకో ఊళ్లో ఇంకో గుంపు ఇదే పని చేస్తుంది, ఈసారి లిస్టులో ఉన్నది దళిత పిల్లలు కావచ్చు, క్రిస్టియన్ పిల్లలు కావచ్చు, బయటి రాష్ట్రం పిల్లలు కావచ్చు, మీ పిల్లలే కావచ్చు.

తిరుపతిలో స్విమ్స్ ఉంది, టీటీడీ డబ్బుతో నిలబడిన ఆస్పత్రి. దాని కింద శ్రీ పద్మావతి మహిళా మెడికల్ కాలేజీ 2014 నుంచి నడుస్తోంది, అక్కడ సీట్లు నీట్ కౌన్సెలింగ్‌లోనే ఇస్తారు. రాయచోటి నుంచో మదనపల్లె నుంచో ఒక ముస్లిం అమ్మాయి ర్యాంకు తెచ్చుకుని అక్కడ చేరితే రేపు ఎవరో వచ్చి ఇది హుండీ డబ్బు అంటే ఏం చేస్తారు? కట్రాని చూపించి అడిగితే ఏం చెప్తారు? మరి వేలూరు సంగతి? చిత్తూరు జిల్లాలో పెద్ద జబ్బు చేస్తే ఇప్పటికీ వేలూరు తీసుకుపోదాం అంటారు, ఆ సీఎంసీ కట్టింది క్రిస్టియన్ మిషనరీలు, ఏ మతం పేషెంటునీ గేటు దగ్గర ఆపింది లేదు. వాళ్ల కాలేజీలో క్రిస్టియన్ల కోటా ఉంది కదా అంటారేమో, ఉంది. అది రాజ్యాంగం 30వ ఆర్టికల్ ఇచ్చిన హక్కు, మైనారిటీ సంస్థగా ముందే చెప్పి, ముందే ప్రాస్పెక్టస్‌లో రాసి, అందరికీ తెలిసేలా పెట్టుకున్న కోటా. మైనారిటీ అంటే రాష్ట్రాన్ని బట్టి చూడాలని 2002లో టీఎంఏ పాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ లెక్కన జమ్మూకశ్మీర్‌లో హిందువులు మైనారిటీయే, కట్రా వాళ్లు కావాలంటే ముందే ఆ హోదాకి ప్రయత్నం చేసుకోవచ్చు, అలా చేసుంటే మేం ఒక్క మాట అనేవాళ్లం కాదు. చెయ్యలేదు. లిస్టు వచ్చాక పేర్లు చదివి అప్పుడు గుర్తొచ్చింది.

అసలు బాధ ఇంకోటుంది. ఈ దేశంలో ముస్లిం పిల్లలకి ఇరవై ఏళ్లుగా చెప్పిన పాఠం ఏంటి? రిజర్వేషన్లు అడక్కండి, మతం పేరుతో ఏమీ అడక్కండి, చదవండి, పరీక్ష రాయండి, మెరిట్‌లో రండి. టీవీ డిబేట్లలో, అసెంబ్లీల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఇదే మాట. వాళ్లు చదివారు, మెరిట్‌లో వచ్చారు. వచ్చాక కాలేజీయే లేకుండా పోయింది. ఇక ఏ మొహం పెట్టుకుని ఆ మాట చెప్తారు?

పోనీ చదువుకోమని చెప్పి చదువుకోడానికి సాయం చేశారా అంటే, ఉన్నవి కూడా పీకేశారు. మైనారిటీ పిల్లలకి ఎంట్రన్సులకి ఫ్రీ కోచింగ్ ఇచ్చే నయా సవేరా స్కీము 2007లో మొదలైంది, 2023లో ఆపేశారు. ఒకటి నుంచి ఎనిమిదో క్లాసు వరకు ఉండే ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ 2022లో తీసేశారు. రీసెర్చ్ చేసే పిల్లలకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్ అదే ఏడాది పోయింది. విదేశాల్లో చదువు లోన్లకి వడ్డీ కట్టే పఢో పరదేశ్ పోయింది. 1989లో పెట్టిన మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌ని 2024లో మూసేయమన్నారు, ఆడపిల్లలకి స్కాలర్‌షిప్ ఇచ్చే సంస్థ అది. వేరే స్కీములు ఉన్నాయి, డూప్లికేట్ అవుతున్నాయి అని ప్రతిసారీ ఒక కారణం రెడీగా ఉంటుంది. నిచ్చెన తీసేశారు, అయినా ఎలాగో గోడెక్కినోళ్లని చూసి గోడే కూల్చేశారు.

మన రెండు రాష్ట్రాలకి వద్దాం, ఎందుకంటే కట్రా గురించి ఆవేశపడి మన ఊరి పిల్లల్ని వదిలేస్తే అది కూడా దొంగ నాటకమే. ఇక్కడ వెనకబడిన ముస్లింలకి కోటా ఉంది, బీసీ-ఈ కింద నాలుగు శాతం, 2007 చట్టం. హైకోర్టు 2010లో కొట్టేస్తే ఆ మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీద ఇప్పటిదాకా బండి నడుస్తోంది. ఆ నాలుగు శాతం వల్లే పాతబస్తీలో, కర్నూల్లో, గుంటూర్లో ఎన్నో ఇళ్లల్లో మొదటి డాక్టరు పుట్టారు. తెలంగాణలో మైనారిటీ గురుకులాలు 204 పెట్టారు, అది మెచ్చుకోవాల్సిన పనే. కానీ ర్యాంకు వచ్చాక మొదలయ్యే అసలు యుద్ధంలో ఈ పిల్లల చెయ్యి పట్టుకునేవాళ్లు లేరు.

ఎలా అంటే, ఇంట్లో ఎవరూ కాలేజీ గడప తొక్కని పిల్లకి నీట్‌లో మార్కులొచ్చాయి అనుకోండి. బీసీ-ఈ సర్టిఫికెట్ ఎక్కడ తెచ్చుకోవాలో తెలీదు, మీసేవ చుట్టూ, తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగడంతోనే గడువు దగ్గరికొస్తుంది. సయ్యద్, పఠాన్, మొగల్ ఇళ్ల పిల్లలకి బీసీ-ఈ వర్తించదు, వాళ్లు ఆదాయం ఎనిమిది లక్షల లోపుంటే ఈడబ్ల్యూఎస్ తెచ్చుకోవాలి, ఈ సంగతి సగం మందికి కౌన్సెలింగ్ అయిపోయాక తెలుస్తుంది. ఎస్సీల నుంచి క్రిస్టియన్లుగా మారిన కుటుంబాలకి బీసీ-సీలో ఒక శాతం ఉంది, అదీ అంతే. లోకల్ స్టేటస్ కోసం స్టడీ సర్టిఫికెట్లు ఏయే క్లాసులవి పెట్టాలి, వెబ్ ఆప్షన్లలో ఏ కాలేజీ ముందు పెట్టాలి, మైనారిటీ కాలేజీల్లో సీట్లు ఎలా ఇస్తారు, కన్వీనర్ కోటా సీటుకీ బి-కేటగిరీ సీటుకీ ఫీజులో ఎంత తేడా, ఇవి చెప్పేవాడు లేడు. కార్పొరేట్ కాలేజీల్లో చదివిన పిల్లలకి ఇదంతా క్యాంపస్‌లోనే ఎవరో ఒకరు దగ్గరుండి చేసిపెడతారు. గవర్నమెంటు జూనియర్ కాలేజీలో చదివిన పిల్ల నెట్ సెంటర్‌లో కుర్రాడు ఏం నొక్కితే అదే ఆప్షన్.

ఆ ఖాళీలోకి దూరేది ఎవరనుకుంటున్నారు, ఏజెంట్లు. కిర్గిజ్‌స్తాన్, ఉజ్బెకిస్తాన్, తక్కువ ఫీజు, నీట్ క్వాలిఫై అయితే చాలు అని మెహదీపట్నం నుంచి ఆదోని దాకా ఫ్లెక్సీలు. తండ్రి గల్ఫ్‌లో దాచిన డబ్బు, తల్లి బంగారం అన్నీ అటు పోతాయి, తిరిగొచ్చాక, విదేశాల్లో చదివినోళ్లు ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే పాసవ్వాల్సిన ఎఫ్‌ఎంజీఈ పరీక్ష రాస్తే పాసయ్యేవాళ్లకన్నా తప్పేవాళ్లే ఎక్కువ. కాస్త ఆగి ఇంకో ఏడాది కూర్చుంటే ఇక్కడే సీటొచ్చే పిల్లలు కూడా ఇలా వెళ్లిపోతున్నారు. బీడీఎస్ ఉంది, ఫిజియోథెరపీ ఉంది, నర్సింగ్ ఉంది అని చెప్పేవాళ్లు కూడా లేరు.

సిగ్గుపడాల్సిన విషయం ఏంటంటే మన హైదరాబాద్ ఒకప్పుడు ఇలా లేదు. 1880ల్లోనే హైదరాబాద్ మెడికల్ స్కూల్లో ఆడవాళ్లని చేర్చుకున్నారు, అందులో రూపాబాయి ఫర్దూంజీ అనే పార్సీ అమ్మాయి చదివింది, ప్రపంచంలో మొదటి మహిళా ఎనస్థీషియా డాక్టర్లలో ఆవిడ పేరు చెప్తారు. పార్సీలు అప్పుడూ గుప్పెడు మందే.

పిల్లలకి ఒక మాట. కట్రా చూసి పుస్తకం మూసేయకండి. ఆ 42 మందికి సీటు ఇచ్చింది ఎవరి దయా కాదు, ర్యాంకు. పర్మిషన్ వాపస్ తీసుకున్న కాగితం మీద కూడా వాళ్ల మెరిట్ మీద ఒక్క మాట లేదు, రాయలేరు కాబట్టి. నీట్ ఉర్దూలో రాయొచ్చు, తెలుగులో రాయొచ్చు. బురఖా, హిజాబ్ వేసుకుని రాయొచ్చు, కాకపోతే చెకింగ్ కోసం ముందుగా సెంటర్‌కి రావాలంటారు, వెళ్లండి. సర్టిఫికెట్లు రిజల్ట్స్ దాకా ఆపకుండా ఇప్పుడే చేయించుకోండి. ఇంట్లో ఆడపిల్ల వరంగల్ పోయి చదవడమేంటి అనే నాన్నలకి కూడా ఇదే చెప్తున్నాం, పంపించండి. పంపకుండా ఇంట్లో కూర్చోబెట్టినా ఆ సీటు పోయినట్టే కదా.

ఇక రెండు ప్రభుత్వాలకి. ఇఫ్తార్‌లో టోపీ పెట్టుకుని ఫొటో దిగడం గైడెన్స్ కాదు. మైనారిటీ సంక్షేమ శాఖకి జిల్లాకో ఆఫీసు ఉంది, నీట్ రిజల్ట్ వచ్చిన రోజు నుంచి మిగిలిన సీట్లకి పెట్టే మాప్-అప్ రౌండ్ అయ్యేదాకా అక్కడ ఒక టేబుల్, ఒక కంప్యూటర్, కౌన్సెలింగ్ తెలిసిన ఒక మనిషిని కూర్చోబెట్టడానికి ఎంత బడ్జెట్ కావాలి? కేంద్రం కోచింగ్ ఆపేస్తే ఆ లోటు మేం పూడుస్తాం అని ఒక్క మంత్రి అయినా అనొచ్చు కదా. బీసీ-ఈ కేసు కోర్టులో ఉంటే గట్టి లాయర్ని పెట్టి, సర్వే లెక్కలు దగ్గర పెట్టుకుని నిలబడే పని వీళ్లది కాదా? ఎన్నికలకి ముందు మేనిఫెస్టోలో మైనారిటీ డిక్లరేషన్ రాయడానికి టైముంటుంది, దీనికుండదు.

జమ్మూలో సంబరాలు చేసుకున్నవాళ్లూ ఒక లెక్క చూసుకోండి. పోయింది 42 సీట్లు కాదు, 50. మొదటి లిస్టులో హిందూ పిల్లలున్నారు, సిక్కు కూడా ఉన్నారు, వచ్చే ఏడు మీ కాలనీ పిల్లలు ఉండేవాళ్లు. మీ ఊళ్లో ఒక ఆస్పత్రికి డాక్టర్లు, రెసిడెంట్లు వచ్చేవాళ్లు. దేశమంతా మాకో మెడికల్ కాలేజీ ఇవ్వండి అని కొట్లాడుతుంటే మీరు వచ్చిన కాలేజీని తీసేయమని కొట్లాడారు.

నేషనల్ మెడికల్ కమిషన్ నుంచి మాకు కావాల్సింది ఒక్క జవాబు. తెలంగాణలో 26 కాలేజీలకి సర్దుకోడానికి టైమిచ్చి కట్రాకి ఎందుకివ్వలేదో కాగితం మీద రాసి బయటపెట్టండి. రాయలేకపోతే ఇకమీదట మెరిట్ అనే మాట ఆ పిల్లల ముందు ఎత్తకండి.