నార్వేలోని ట్రోమ్సోలో జనవరి మరీ అంత చీకటేం కాదండీ

ఆర్టికల్ బాగుంది గానీ ట్రోమ్సోలో చలికాలం రెండు నెలలు కటిక చీకటి అని రాశారు చూడండి, అది కరెక్ట్ కాదు. నవంబర్ చివర్నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు పైకి రాడు నిజమే, కానీ మధ్యాహ్నం ఒక రెండు మూడు గంటలు ఆకాశం, మంచు అంతా నీలంగా అయిపోయి దక్షిణం వైపు కాస్త గులాబీ రంగు తేలి, మనకి తెల్లారగట్ల కోడి కూసే టైంలో ఉంటుందే అలా ఉంటుంది, నాకైతే అరోరా (అదే, రాత్రుళ్లు ఆకాశంలో కనపడే రంగుల వెలుగులు) కన్నా అదే నచ్చింది.

మేం జనవరి మొదటి వారంలో వెళ్లాం. మైనస్ 30 ఉంటుందని మా అత్తగారు బ్యాగు నిండా మంకీ క్యాప్‌లు కుక్కి పంపారు పాపం, తీరా చూస్తే మైనస్ 4, 5 అంతే! 69 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నా అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి ప్రవాహం వల్ల అక్కడ హార్బర్ నీళ్లు కూడా గడ్డకట్టవు. అసలు బాధ చలి కాదు జారుడు, మంచు కొంచెం కరిగి మళ్లీ గడ్డకట్టి ఫుట్‌పాత్ అద్దంలా తయారవుతుంది, షూస్‌కి తొడుక్కునే ముళ్ల పట్టీలు షాపుల్లో అమ్ముతారు, మొదటిరోజే కొనండి. నేను డబ్బులు దండగ అనుకుని రెండోరోజు ఆర్కిటిక్ కేథడ్రల్ అనే చర్చి ముందు వెల్లకిలా పడ్డా, మా ఆవిడ ముందు ఫొటో తీసి తర్వాత చెయ్యిచ్చింది.

అరోరాకి మాత్రం మూడు రాత్రులు మబ్బే. నాలుగోరోజు కేబుల్ కార్‌లో కొండ మీదికి, 421 మీటర్ల ఎత్తుకి వెళ్తే కనపడింది, మొదట బూడిదరంగు మబ్బు అనుకున్నాం, ఫోన్‌లో చూస్తే పచ్చగా ఉంది.