ఇంజిన్‌కు ఆముదం పట్టించకండి

మా చిన్నప్పుడు వేసవి సెలవులు రాగానే నాయనమ్మ పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి ఆముదం పట్టించేది. జ్వరమా, కడుపునొప్పా అని అడిగేది కాదు. ముక్కు మూసి గొంతులో పోసి, "కడుపు శుభ్రపడుతుంది, మింగు" అనేది. మొన్న కారును సర్వీసింగ్‌కు తీసుకెళ్లినప్పుడు ఆవిడే గుర్తొచ్చింది.

మాది ఏడేళ్ల చిన్న పెట్రోలు కారు. ఏటా తప్పకుండా ఆయిల్ మార్పిస్తాను. ఒక శబ్దం లేదు, పొగ లేదు. జాబ్ కార్డు రాస్తున్న కుర్రాడు నన్నేమీ అడగకుండానే ఇంజిన్ ఫ్లషింగ్ దగ్గర టిక్కు పెట్టేశాడు. అంటే ఆయిల్‌లో ఒక సీసా మందు పోసి ఇంజిన్ లోపల కడగడం. దాని కింద ఇంజెక్టర్ (ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే భాగం) క్లీనింగ్, దాని కింద ఏసీ క్లీనింగ్.

"ఇదెందుకు బాబూ?" అన్నాను.

"లోపల కార్బన్ పేరుకుని ఉంటుంది సార్. మైలేజీ పెరుగుతుంది, పికప్ బాగుంటుంది."

"పేరుకుందని తెరిచి చూశావా?"

"ఏడేళ్ల బండి కదా సార్."

"నీ బండికి పోస్తావా మరి?"

"నాది బైకు సార్" అన్నాడు, నవ్వు ఆపుకుంటూ. వాణ్ణి తప్పుపట్టను. నెలకు ఇన్ని సీసాలు అమ్మాలని వాడి నెత్తిన ఎవరో లక్ష్యం పెట్టి ఉంటారు. నా కోపం ఆ సీసా మీద.

అసలు ఆ సీసాలో ఉండేది ఏమిటి? ఎక్కువ భాగం కిరసనాయిలు జాతికి చెందిన పలచటి ద్రావకం, దానిలో కాస్త సబ్బులాంటి డిటర్జెంట్. పాత ఆయిల్‌లో దీన్ని పోసి, పది పదిహేను నిమిషాలు బండిని కదలకుండా స్టార్టింగ్‌లో ఉంచి, తర్వాత డ్రెయిన్ నట్టు విప్పి మొత్తం దించేస్తారు. మా కారుకు పట్టేది సుమారు మూడు లీటర్ల ఆయిల్. అందులో 300 మిల్లీలీటర్ల సీసా పోస్తే దాదాపు పదో వంతు ఆ మందే. ఆయిల్ అంత పలచబడ్డాక బేరింగులకు దక్కే రక్షణ ఎంత? అందుకే ఫ్లష్ పోశాక బండి నడపవద్దని, రేస్ ఇవ్వవద్దని సీసా మీదే రాస్తారు. పైగా నట్టు విప్పినంత మాత్రాన లోపల ఉన్నదంతా దిగిపోదు. కొంత సందుల్లో మిగిలి, మీరు డబ్బు పోసి కొన్న కొత్త ఆయిల్‌లో కలుస్తుంది.

ఇక ఆ తర్వాత జరిగే ప్రదర్శన! ట్రేలోకి నల్లగా దిగుతున్న ఆయిల్‌ను చూపించి "చూశారా సార్, ఎంత మురికి పోతోందో" అంటారు. అయ్యా, సీసా పోయకపోయినా అది నల్లగానే దిగుతుంది. బట్టలు ఉతికిన సబ్బునీళ్లు నల్లబడితే సబ్బు పనిచేసిందని అర్థం కదా, ఇదీ అంతే. ఇప్పటి ఇంజిన్ ఆయిల్‌లోనే డిటర్జెంట్లు ఉన్నాయి, మసిని గడ్డకట్టనీయకుండా తేల్చి ఉంచే రసాయనాలూ ఉన్నాయి. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడటానికి కారణం అదే. అంటే ఆయిల్ డబ్బాతో పాటు సబ్బును ఒకసారి కొన్నాం, దాన్నే మళ్లీ విడిగా అమ్ముతున్నారు. చాలా కార్ల మాన్యువల్లో ఆయిల్‌లో అదనంగా ఏమీ కలపనక్కర్లేదని రాసి ఉంటుంది కూడా. ఆ పుస్తకం డ్యాష్‌బోర్డు అరలో కవరు కూడా విప్పకుండా పడి ఉంటుంది, అది వేరే సంగతి.

(ఆముదం అన్నాను కాబట్టి ఒక ముచ్చట. 1909లో ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ కంపెనీ ఆముదం కలిపి చేసిన ఇంజిన్ ఆయిల్‌కు పెట్టిన పేరే క్యాస్ట్రాల్. ఇంజిన్‌కు ఆముదం నిజంగానే పట్టించారు, కాకపోతే విరేచనాలకు కాదు.)

"మంచి చేయకపోతే పోయె, చెడు అయితే చేయదు కదా" అనేవాళ్లకు మా బావ సంగతి చెప్పాలి. ఆయన ఒక పాత డీజిల్ కారు కొన్నాడు. ముందు యజమాని ఆయిల్ మార్చడంలో బాగా బద్ధకస్తుడని తర్వాత తెలిసింది. "వాడి మురికంతా కడిగి పారేద్దాం" అని బావ ఉత్సాహంగా ఫ్లషింగ్ చేయించాడు. మూడు వారాల తర్వాత విజయవాడ వెళ్తుంటే సూర్యాపేట దాటాక డ్యాష్‌బోర్డులో ఎర్రటి ఆయిల్ లైటు వెలిగింది. సెన్సారు పాడై ఉంటుందనుకుని ఇంకో నాలుగైదు కిలోమీటర్లు నడిపాడు. ఆ నాలుగైదు కిలోమీటర్లే కొంప ముంచాయి.

షెడ్డులో మేస్త్రి ఆయిల్ చాంబర్ విప్పి దించినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అడుగున వేలు మందాన మడ్డి. ఆయిల్ పంపు పీల్చుకునే చోట ఒక జల్లెడ ఉంటుంది, అర చేతిలో సగం ఉంటుందేమో. దాని కన్నులు ఒక్కటీ కనబడటం లేదు. అడుగంటిన బెల్లం పాకంలా నల్లగా పట్టేసి ఉంది. మేస్త్రి స్క్రూడ్రైవరుతో గీకితే పెచ్చుగా ఊడి వచ్చింది. ఆ పెచ్చును వేళ్ల మధ్య నలిపి చూపించాడు. మెత్తబడింది కానీ కరగలేదు. "ఇది గోడలకు పట్టుకుని ఉన్నన్నాళ్లూ మీ జోలికి రాలేదు సార్. మీరే లేపారు" అన్నాడు.

ఫ్లష్ చేసిన పని అదే. ఏళ్ల తరబడి అంటుకున్న మడ్డిని పది నిమిషాల్లో కరిగించలేదు, వదులు మాత్రం చేసింది. ఊడిన ముక్కలు డ్రెయిన్ రంధ్రం గుండా పోకుండా చాంబర్లోనే ఉండిపోయి, మెల్లగా జల్లెడకు చేరాయి. జల్లెడ మూసుకుంటే పంపుకు ఆయిల్ అందదు. ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే టర్బో ఒకటి ఉంటుంది. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే దాని ఇరుసు సన్నటి ఆయిల్ పొర మీదే తేలుతుంటుంది. ఆ పొర లేకపోతే ఏమవుతుందో బావ కట్టిన బిల్లు చెబుతుంది. అంకె రాయను, మా అక్క కూడా ఈ పోస్టు చదువుతుంది.

అలాంటి బండికి ఏం చేయాలని మేస్త్రినే అడిగాను. ముందు ట్యాపెట్ కవర్, అంటే ఇంజిన్ పైమూత, విప్పి చూడాలట. మడ్డి ఉంటే చాంబర్ దించి చేత్తో శుభ్రం చేసి, తర్వాత రెండు మూడు సార్లు తక్కువ దూరాలకే ఆయిల్, ఫిల్టరు మార్చాలట. కొత్త ఆయిల్ తన పని తాను నిదానంగా చేసుకుంటుందట. కష్టపడే పని, సీసాలో పట్టదు, అందుకే ఎవరూ అమ్మరు.

పెట్రోలు ట్యాంకులో పోసే సీసాల మీద నాకు ఇంత పగ లేదు. వాటిలో పాలీఈథర్ అమీన్ అనే శుభ్రపరిచే రసాయనం ఉన్నవి ఇంజెక్టర్ల మీది పొరను నిజంగానే శుభ్రం చేస్తాయి. అమెరికాలో 1995 నుంచి అమ్మే పెట్రోలంతటిలో ఇలాంటి శుభ్రపరిచే రసాయనాలు ఉండి తీరాలని నిబంధన ఉంది. స్టార్టింగ్‌లో బండి వణుకుతుంటే, మిగతా కారణాలన్నీ చూశాక ఒకసారి వాడితే తప్పులేదు. కానీ ఇప్పుడొస్తున్న టర్బో పెట్రోలు కార్లలో చాలావాటికి పెట్రోలు నేరుగా సిలిండర్లోకి చిమ్ముతుంది, గాలిని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వుల వెనుక భాగాన్ని తాకనే తాకదు. ఆ వాల్వుల మీది కార్బన్‌ను ట్యాంకులో పోసిన మందు ఎలా కడుగుతుంది? చెప్పేవాడికి వినేవాడు లోకువ.

ఇథనాల్ పెట్రోలు వల్ల తగ్గిన మైలేజీని తిరిగి తెస్తామనే సీసాలు మరీ దారుణం. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తే లీటరు పెట్రోలు కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. లేని శక్తిని ఏ సీసా పుట్టిస్తుంది?

నా కారు సంగతికొస్తే, జాబ్ కార్డు మీద "ఫ్లషింగ్ వద్దు" అని నా చేత్తో రాసి సంతకం పెట్టాను. సాయంత్రం బిల్లులో అది ఉండనే ఉంది. తీయించడానికి అరగంట పట్టింది.

బావ కారు కొత్త టర్బోతో తిరుగుతోంది కానీ పొద్దున్నే స్టార్ట్ చేయగానే రెండు సెకన్లు టకటకమంటుంది. ఆ శబ్దం పోవడానికి ఆయిల్‌లో కలిపే సీసా ఒకటి ఉందని ఎవరో చెప్పారట. పోయమంటావా అని నిన్న రాత్రి ఫోను చేసి అడిగాడు.