మూడేళ్లు దాటితే బాకీ కొట్టుకుపోదు: ఒక వాట్సాప్ సలహాకు ఖండన

విశాఖలో అపార్ట్‌మెంట్ గ్రూపుల నుంచి రిటైరైన ఉద్యోగుల గ్రూపుల దాకా ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఎప్పుడో మూసేసిన క్రెడిట్ కార్డు మీద బాకీ ఉందనో, తీర్చేసిన పర్సనల్ లోన్ ఇంకా మిగిలుందనో కలెక్షన్ ఏజెన్సీల నుంచి ఫోన్లు వస్తున్నవాళ్ల కోసం రాసిన సలహా అది. అందులో ఉన్నది ఇదీ: "మూడేళ్లు దాటిన అప్పు చట్టప్రకారం రద్దయినట్టే. ఏజెంటు ఫోన్ చేస్తే ఎత్తకండి, బ్లాక్ చేయండి. నోటీసు వస్తే తీసుకోకుండా తిప్పి పంపండి. మరీ విసిగిస్తే వెయ్యో రెండు వేలో పడేసి వదిలించుకోండి. మూడేళ్లకి సిబిల్ దానంతటదే శుభ్రమైపోతుంది."

పంపేవాళ్లు మంచి మనసుతోనే పంపుతున్నారు, అందులో నాకు అనుమానం లేదు. పొద్దున్నే ఫోన్ చేసి కోడలి ముందు, పక్కింటివాళ్ల ముందు పరువు తీస్తామని బెదిరించే ఏజెంట్లను భరించినవాళ్లకి ఈ మాటలు ఎంత ఊరటనిస్తాయో తెలుసు. కానీ బ్యాంకు వైపు కూర్చుని ఇలాంటి ఫైళ్లు చాలా ఏళ్లు చూసినవాడిగా చెబుతున్నాను. ఈ సలహా పాటిస్తే ఎక్కువగా నష్టపోయేది నిజంగా బాకీ లేనివాళ్లే. కట్టాల్సింది లేదని రుజువు చేసుకోగలిగిన మనిషిని ఇది నోరు మూసుకుని కూర్చోమంటోంది.

మొదటి మాట, మూడేళ్లకి అప్పు రద్దవుతుందన్నది. 1963 నాటి కాలపరిమితి చట్టం చెప్పేది వేరు. మామూలు అప్పు వసూలుకి దావా వేయడానికి మూడేళ్ల గడువు ఉంది. ఆ గడువు దాటితే పోయేది కోర్టుకి వెళ్లే హక్కు మాత్రమే, అప్పు కాదు. సుప్రీంకోర్టు 1958లో బాంబే డైయింగ్ కేసులోనే ఈ తేడాను స్పష్టంగా చెప్పింది. 1992లో పంజాబ్ నేషనల్ బ్యాంకు కేసులో ఇదే మళ్లీ తేలింది. హామీదారు పెట్టిన ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను బ్యాంకు కాలదోషం పట్టిన అప్పు కింద జమ చేసుకుంటే, ఆయన క్రిమినల్ కేసు పెట్టారు. సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టేసింది. కాబట్టి మూడేళ్లు దాటిందన్న ధైర్యంతో అదే బ్యాంకులో డిపాజిట్ ఉంచుకుని నిశ్చింతగా ఉండడం మంచిది కాదు.

ఆ మూడేళ్లు కూడా అన్ని అప్పులకీ వర్తించవు. ఇల్లు తనఖా పెట్టిన అప్పుకి గడువు పన్నెండేళ్లు. కోర్టు డిక్రీ, అంటే డబ్బు కట్టమన్న తీర్పు ఆదేశం, వచ్చాక దాన్ని అమలు చేయించుకోవడానికీ పన్నెండేళ్లే. మెసేజ్ పూర్తిగా మరిచిపోయిన విషయం ఇంకొకటుంది. కోవిడ్ కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని గడువు లెక్కలోంచి మినహాయించాలని సుప్రీంకోర్టు 2022 జనవరిలో ఆదేశించింది. అంటే 2019 జూన్‌లో చెల్లింపు ఆగిన బాకీకి గడువు 2022 జూన్‌లో ముగియలేదు, 2024 మే, జూన్ దాకా సాగింది. క్యాలెండరు చూసి వేళ్ల మీద మూడేళ్లు లెక్కపెట్టుకుని ధీమాగా ఉన్నవాళ్లు ఒకసారి ఈ లెక్క సరిచూసుకోవాలి.

గడువు నిజంగా దాటిపోయిన బాకీ అయితే చట్టం మీకు గట్టి రక్షణ ఇస్తుంది. కాలం దాటిన దావాను, ప్రతివాది ఆ మాట ఎత్తకపోయినా, కోర్టు కొట్టేయాల్సిందే. అదే చట్టంలో మూడో సెక్షన్ అది. కానీ దావా కాగితంలో అవతలివాళ్లు "ఫలానా తేదీన ఈయన బాకీ ఒప్పుకుంటూ సంతకం చేశారు" అని రాసుకుంటే? అది అబద్ధమని చెప్పడానికి మీరు అక్కడ ఉండాలి కదా. ఫోన్ ఎత్తకుండా, నోటీసు తీసుకోకుండా ఉంటే చెప్పేవాళ్లెవరు?

వెయ్యి పడేసి వదిలించుకోమన్న మాట మరీ ప్రమాదం. మన ఊళ్లలో ప్రోనోటు మీద అప్పిచ్చేవాళ్లు మూడేళ్లు నిండకముందే ఏం చేస్తారో గుర్తు చేసుకోండి. ఎంతో కొంత కట్టించుకుని, నోటు వెనక తారీకు వేసి, చెల్లు రాయించి సంతకం తీసుకుంటారు. అంతటితో ఆ నోటుకి మళ్లీ మూడేళ్ల ప్రాణం. ఏజెన్సీ "ముందు ఐదొందలైనా కట్టండి సార్, ఫైలు హోల్డులో పెడతాం" అని అడగడం అచ్చంగా ఆ చెల్లు లాంటిదే. గడువు లోపల కొంత కట్టి, కట్టినట్టు మీ చేతిరాతో సంతకమో ఉంటే, కాలపరిమితి చట్టం పందొమ్మిదో సెక్షన్ ప్రకారం ఆ రోజు నుంచి గడువు కొత్తగా మొదలవుతుంది. గడువు దాటాక ఊరికే కొంత కట్టినంత మాత్రాన అది మళ్లీ మొదలవదు. కానీ ఆ డబ్బుతో పాటు "మిగతాది కూడా చెల్లిస్తాను" అని రాసి సంతకం చేశారా, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద అది కొత్త ఒప్పందమే. చచ్చిన బాకీని మీ చేత్తో మీరే బతికించినట్టు.

డబ్బు కట్టనక్కర్లేదు, రాతలో నోరు జారినా చాలు. గడువు లోపల బాకీ ఉందని రాసి సంతకం పెడితే, అదే వాక్యంలో "కానీ కట్టను" అని రాసినా సరే, చట్టం దృష్టిలో అది ఒప్పుకోవడమే. ఈమెయిల్‌లో రాసినదాన్ని కూడా కోర్టులు అలా తీసుకున్న సందర్భాలున్నాయి. అందుకే ఏజెంటు వాట్సాప్‌లో తీయగా అడిగినప్పుడు "ఇప్పుడు ఇబ్బందుల్లో ఉన్నాను, రెండు నెలలు ఆగండి" అని జవాబివ్వకండి. మర్యాద కోసం మనం అనే ఆ మాటను రేపు మీకు వ్యతిరేకంగా చూపిస్తారు. ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు, అందుకే ఇంతసేపు చెప్పాల్సి వచ్చింది.

ఫోన్ ఎత్తొద్దు, బ్లాక్ చేయమన్న సలహా సంగతి. రోజంతా ఫోన్లు ఎత్తి వాదించమని నేనూ అనను. కానీ ఒక్కసారైనా ఎత్తి, వీలైతే రికార్డు చేసుకుని, నాలుగు సంగతులు రాబట్టాలి. మాట్లాడేది ఎవరు, ఏ ఏజెన్సీ, ఏ అకౌంటు నంబరు, బ్యాంకు తరఫున అడుగుతున్నారా లేక అప్పును బ్యాంకు దగ్గర కొనుక్కున్న ఏఆర్‌సీ తరఫునా? బ్యాంకులు పాత మొండి బాకీలను ఏఆర్‌సీ అని పిలిచే ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీలకు అమ్మేస్తుంటాయి. కొన్నామంటే ఆ బదిలీ కాగితం చూపించమనాలి. బ్యాంకు తరఫున అంటే బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం, గుర్తింపు కార్డు చూపించాలి. ఇవి రెండూ లేకుండా ఫోన్‌పే నంబరు చెప్పి పంపమనేవాళ్లు ఏజెంట్లో మోసగాళ్లో చెప్పలేం. అలాంటి నంబర్లకి పైసా పంపొద్దు. ఈలోపే మోసపోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఏజెంట్లు ఎంత వరకు వెళ్లొచ్చన్నదానికీ హద్దులున్నాయి. 2022 ఆగస్టు 12న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం ఉదయం 8 గంటలకి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదు. బెదిరించకూడదు, నలుగురిలో అవమానించకూడదు, బంధువులను, స్నేహితులను, రిఫరెన్సుగా పేరిచ్చినవాళ్లను వేధించకూడదు. "పోలీసులొచ్చి పట్టుకెళ్తారు" అన్నది వాళ్లు తరచుగా వేసే బెదిరింపు. బాకీ సివిల్ వ్యవహారం. కోర్టు డిక్రీ ఉన్నా సరే, నిజంగా కట్టలేని మనిషిని అందుకోసమే జైలుకి పంపడం తగదని సుప్రీంకోర్టు 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పింది. చెక్కు బౌన్సయిన కేసు మాత్రం వేరు, అది క్రిమినల్ నేరం కిందకి వస్తుంది. అందుకే ఏజెంటు ఎంత బతిమాలినా కొత్తగా చెక్కు రాసివ్వకండి.

బ్లాక్ చేస్తే పోయేది ఇంకో పెద్ద అవకాశం. 2008లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన నిబంధనల్లో ఒక మాట ఉంది, అది చాలామందికి తెలియదు. ఖాతాదారు ఫిర్యాదు చేసి ఉంటే, దాన్ని తేల్చేవరకు బ్యాంకు ఆ కేసును రికవరీ ఏజెన్సీకి పంపకూడదు. పదే పదే పసలేని ఫిర్యాదులు చేస్తున్నారని బ్యాంకు రుజువులతో తేల్చుకుంటే తప్ప. కానీ ఫిర్యాదు ఉండాలి, అదీ రాతలో ఉండాలి. బ్యాంకు బ్రాంచికి ఒకటి, దాని ఫిర్యాదుల విభాగానికి ఒకటి స్పీడ్ పోస్టులో పంపి రసీదులు దాచుకోండి. ఏం రాయాలో తెలియక ఆగిపోయేవాళ్ల కోసం నమూనా ఇస్తున్నాను:

"ఫలానా తేదీన ఫలానా నంబరు నుంచి మీ తరఫున అంటూ ఫోన్ చేసి ఇంత మొత్తం కట్టమని అడిగారు. ఈ బాకీని నేను ఒప్పుకోవడం లేదు. ఈ ఉత్తరం ఏ అప్పునూ అంగీకరిస్తున్నట్టు కాదు. నేను సంతకం చేశానంటున్న దరఖాస్తు, ఒప్పందం, మొదటి నుంచి ఖాతా స్టేట్‌మెంటు, చివరి చెల్లింపు తేదీ, అప్పును బదిలీ చేసి ఉంటే ఆ కాగితం, ఏజెన్సీకి మీరిచ్చిన అధికార పత్రం పంపించండి. ఈ ఫిర్యాదు తేలేవరకు ఏజెన్సీ ద్వారా నన్ను సంప్రదించవద్దు."

ఇందులో "అంకె తప్పు, తగ్గించండి" అని ఎక్కడా లేకపోవడం గమనించండి. తగ్గించమంటే కొంత ఉన్నట్టు ఒప్పుకున్నట్టే. మా గాజువాకలో స్టీల్ ప్లాంట్ నుంచి రిటైరైన ఒకాయన ఇలాంటి ఉత్తరమే రాశారు. ఎప్పుడో మూసేసిన కార్డు మీద వార్షిక రుసుము, దాని మీద వడ్డీ, ఆ వడ్డీ మీద పెనాల్టీ కలిపి పెద్ద మొత్తం అడుగుతున్నారు ఆయన్ని. కార్డు మూసేస్తూ ఇచ్చిన ఉత్తరం మీద బ్రాంచి ముద్ర ఉన్న కాపీ ఆయన భార్య గ్యాస్ పుస్తకాల బీరువాలో జాగ్రత్తగా ఉంచారు. ఆ కాపీ జత చేసి పంపాక బ్యాంకే వెనక్కి తగ్గింది. అంతకుముందు ఏడాదంతా ఆయన నంబర్లు బ్లాక్ చేస్తూనే ఉన్నారు, ఫోన్లు కొత్త నంబర్ల నుంచి వస్తూనే ఉన్నాయి.

నోటీసు తిప్పి పంపమన్నది అన్నిటికంటే చెడ్డ సలహా. సరైన అడ్రసుకి పోస్టులో పంపిన కాగితాన్ని మీరు నిరాకరిస్తే, పోస్టుమాన్ "నిరాకరించారు" అని రాసి తిప్పి పంపిస్తాడు. చట్టం లెక్కలో అది మీకు అందినట్టే. కోర్టు సమన్లకి హాజరు కాకపోతే మీరు లేకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ వస్తుంది. దాన్ని రద్దు చేయించుకోవడానికి ఉండేది ముప్పై రోజులు. విచారణ త్వరగా ముగించే సమ్మరీ దావా అయితే మరీ తొందర, సమన్లు అందిన పది రోజుల్లోపే హాజరు కావాలి. ఇరవై లక్షలూ అంతకు మించిన బ్యాంకు బాకీలు విశాఖలోనే ఉన్న రుణ వసూలు ట్రిబ్యునల్‌కి వెళ్తాయి, దానికంటే తక్కువైతే సివిల్ కోర్టుకి. ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తి తేల్చే పద్ధతి, దాని నోటీసునీ పక్కన పడేయకండి, అక్కడ మధ్యవర్తి ఇచ్చే తీర్పును, అంటే అవార్డునూ డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చు. అప్పిచ్చిన కంపెనీ తనంతట తానే ఆర్బిట్రేటర్‌ని పెట్టుకుంటే దానిమీద అభ్యంతరం చెప్పొచ్చు. కానీ చెప్పాలంటే ముందు కవరు తీసుకోవాలి.

లోక్ అదాలత్ నోటీసు వస్తే కంగారు పడి కోర్టు సమన్లనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కేసు వేయకముందు వచ్చేది రాజీకి పిలుపు మాత్రమే. వెళ్లొచ్చు, ఒప్పుకోనని చెప్పి వచ్చేయొచ్చు. జాగ్రత్త పడాల్సింది సంతకం దగ్గర. అక్కడ రాజీ మీద సంతకం చేస్తే అది డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు.

ఇక సిబిల్, అంటే మన అప్పుల చరిత్ర రికార్డు. మూడేళ్లకి శుభ్రమవుతుందన్నది ఎక్కడినుంచి వచ్చిందో గానీ నిజం కాదు. క్రెడిట్ సమాచార సంస్థలు వివరాలను కనీసం ఏడేళ్లు ఉంచుతాయి. ఏజెన్సీతో సగానికి సెటిల్ చేసుకుంటే అక్కడ "సెటిల్డ్" అని పడుతుంది, పూర్తిగా తీర్చినట్టు కాదు. అసలు మీది కాని బాకీకి ఆ ముద్ర వేయించుకోవడం ఇంకా అన్యాయం. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, ఈ నాలుగూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ తెప్పించుకుని, తప్పుంటే అందులోనే వివాదం నమోదు చేయండి. ముప్పై రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత ప్రతి రోజుకీ వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు చెప్పింది.

బ్యాంకు మీ ఫిర్యాదుకి ముప్పై రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, సందేహాలుంటే 14448కి ఫోన్ చేసి అడగొచ్చు. కోర్టు కాగితమే వచ్చి, లాయరుని పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, న్యాయసహాయానికి జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 15100. మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా లాయరుని ఇస్తారు.