రాయబారం సీనూ, సోమవారం క్లయింట్ కాలూ

"ఆఫీసులో నటించకు, నీలా నువ్వుండు" అని సలహా ఇచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నాలా అంటే ఎలా? ఆదివారం మధ్యాహ్నం పప్పుచారు అన్నం తిని కాళ్లు చాపుకుని కూర్చునే నాలాగా? సోమవారం క్లయింట్ కాల్‌లో గొంతు తడారిపోయే నాలాగా?

పదిహేనేళ్లుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. "శుక్రవారానికి అయిపోతుందా?" అని అడగడమే ఆలస్యం, నా నోట్లోంచి "అయిపోతుంది సార్" అని వచ్చేస్తుంది. అవదని తెలుసు. టీమ్‌లో అందరికీ తెలుసు. చిన్నప్పుడు లెక్కల మాస్టారు బెత్తం ఊపుతూ "అర్థమైందా?" అంటే "అయిందండీ" అన్న గొంతే అది. మనిషికి నలభై దగ్గరపడుతున్నా ఆ గొంతు ఇంకా ఆరో తరగతిలోనే ఉంది. మరి ఈ "అయిపోతుంది సార్" అనేవాడేనా అసలైన నేను? ఎవరూ నేర్పకుండానే ఇన్నేళ్లుగా నేను అతి చెత్తగా నటిస్తున్న పాత్ర అది.

కాలేజీ రోజుల్లో పరిషత్తు నాటికలు ఆడాను. తెనాలి వైపు పుట్టినవాళ్లకి ఇదేం గొప్ప కాదులెండి, వీధికి ఇద్దరు కృష్ణులుంటారు మాకు. రిహార్సల్స్‌లో మా దర్శకుడి గొడవంతా ఒకటే: "నీ డైలాగ్ నీకొచ్చు, సరే. అవతలివాడిది విన్నావా?" ఆయన పద్య నాటకాల్లోంచి వచ్చినవాడు. రాయబారం సీను సంగతి చెప్పేవాడు. కృష్ణుడు కౌరవ సభలో నిలబడ్డాడు, చుట్టూ పగవాళ్లు, యుద్ధం ఆపాలి. కానీ మన కృష్ణుడు దుర్యోధనుణ్ని వదిలేసి, మైకు దగ్గరికొచ్చి, జనం వైపు తిరిగి, వన్స్‌మోర్ కోసం రాగం లాగుతాడు. పక్కనున్న దుర్యోధనుడు ఆ రాగం అయ్యేదాకా మీసం సర్దుకుంటూ నిలబడాలి పాపం.

మా మీటింగుల్లో సగంమంది ఈ కృష్ణులే. అవతలి మనిషితో మాట్లాడరు, పై మేనేజర్ వినాలని పాడతారు. నేనూ పాడాను, అబద్ధం ఎందుకు.

దీనికి తోడు ఏడాదికోసారి సాఫ్ట్ స్కిల్స్ ట్రైనింగ్ ఒకటి. బ్లేజర్ ఎలా వేసుకోవాలి, చెయ్యి ఎంత గట్టిగా కలపాలి, ఏ మాట ఏ స్వరంలో అనాలి. నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగుగా చెప్పింది. వీళ్లు మొదటి మూడూ నేర్పి, నాలుగోది, లోపలిది, వదిలేసి సర్టిఫికెట్ చేతిలో పెడతారు.

రష్యా నటుడు, దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ గురించి చదివినప్పుడు నాకు భలే అనిపించిన సంగతి ఒకటుంది. 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్ పెట్టిన ఇద్దరిలో ఆయనొకడు, మహానటుడు. ఇబ్సెన్ నాటకంలో డాక్టర్ స్టాక్‌మన్‌గా ఆయనకి గొప్ప పేరొచ్చింది. ఊరి స్నానఘట్టాల నీళ్లు కలుషితమయ్యాయని తేలిస్తే ఊరంతా ఎదురు తిరిగినా మాట మార్చని డాక్టరు పాత్ర అది. అలాంటి నిజాయితీపరుడి పాత్రే తన ఒంట్లో మరబొమ్మలా అయిపోయిందని 1906 వేసవిలో ఫిన్లాండ్‌లో కూర్చుని గ్రహించాడాయన. చేతులు కదులుతున్నాయి, మాటలు వస్తున్నాయి, లోపల ఏమీ లేదు. తర్వాత ఆయన తయారుచేసిన నటన సాధన పద్ధతికి దారి వేసింది ఆ దిగులే. అంత నటుడికే నిజంగా ఉండటానికి సాధన కావాల్సి వస్తే, మనకి "నీలా నువ్వుండు" అన్న ఒక్క ముక్క సరిపోతుందా?

ఇక నా గోల. పోయిన నెల మళ్లీ అదే ప్రశ్న, "శుక్రవారానికి?" ఈసారి కాల్‌కి ముందే నాటకంలో సీను రాసుకున్నట్టు కాగితం మీద రాసుకున్నాను. ఈ సీనులో నాకేం కావాలి? తిట్లు తప్పించుకోవడమా, మూడు వారాల గడువా? అడిగే క్లయింట్‌కి ఏం కావాలి? ఆయన పైవాడికి చెప్పుకోవడానికి ఒక నికరమైన తేదీ. ప్రశ్న రాగానే పాదాలు నేలకి ఆనించి, ఊపిరి పూర్తిగా వదిలాను. ఎంట్రీకి ముందు సైడ్ వింగ్‌లో నిలబడి చేసేదే. "శుక్రవారానికి అవదండీ. మూడు వారాలు పడుతుంది. మొదటి భాగం మాత్రం పదో రోజుకి ఇస్తాం" అన్నాను. గొంతు వణికింది. వణకనిచ్చాను.

చివరికి రెండు వారాలిచ్చారు. అప్రైజల్‌లో "కొంచెం నెగటివ్" అని రాశారు కూడా. అందుకే ఇదంతా పదోన్నతికి దారి అని ఎవరికీ చెప్పను. ఇంకో మాట. కస్టమర్ని చూసి మనస్ఫూర్తిగా నవ్వండి అని కంపెనీయే నటన నేర్పితే అది వేరే వ్యవహారం. ఆర్లీ హోక్‌షీల్డ్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1983లోనే విమానాల్లో పనిచేసే అమ్మాయిల గురించి రాస్తూ, జీతం కోసం మనసుని కూడా అద్దెకిస్తే చివరికి ఏ నవ్వు తమదో తమకే తెలియకుండా పోతుందని హెచ్చరించింది. నా సాధన నా నోట్లోంచి నిజం రావడానికి. వాళ్ల బ్రాండు కోసమైతే నాకొద్దు.

మొన్న ఊరెళ్లినప్పుడు మా దర్శకుడికి ఈ కథంతా గొప్పగా చెప్పాను. ఆయన చుట్ట ఆర్పి, "నువ్వు మూడు వారాలన్నాక ఆయనేమన్నాడ్రా?" అని అడిగారు.

ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. 

"చూశావా, నీ డైలాగ్ అవ్వగానే చెవులు మూసేశావు" అన్నారు.